కంచెకు కూలి ఎంత?

మన భాషలో పన్ను అన్న మాటకు రెండర్థాలున్నాయి. నోట్లో ఉండేది ఒకటి, సర్కారుకు కట్టేది ఒకటి. రెండూ పోయేటప్పుడు నొప్పి పెట్టేవే. కాకపోతే మొదటిది పీకించుకుంటే మళ్ళీ రాదు. రెండోది ఏటేటా మొలుస్తూనే ఉంటుంది.

అందుకే కాబోలు, చదువుకున్న కుర్రవాళ్ళ నోట ఈ మధ్య ఒక వాదం తరచు వినపడుతున్నది. "నన్నడగకుండా నా జీతంలోంచి తీసుకుంటే అది దోపిడీ కాదా సార్? కాపలా కావాలంటే ఒక కంపెనీకి డబ్బు కడతాం. పని నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారతాం. మధ్యన ఈ ప్రభుత్వమూ, ఈ పన్నులూ ఎందుకు?" అని. వాదం కొత్తది కాదు. 1849లోనే గుస్తావ్ ద మొలినారి అనే బెల్జియం ఆర్థికవేత్త, ఉప్పూ పప్పూ మాదిరిగా రక్షణను కూడా బజారులో పోటీపడి అమ్మనివ్వాలని వాదించాడు. నవ్వి తోసెయ్యవలసిన మాట కూడా కాదు. అడగకుండా తీసుకున్న సొమ్ముకు సంజాయిషీ చెప్పుకోవలసిన బాధ్యత తీసుకున్నవాడి మీద ఎప్పుడూ ఉంటుంది.

అయితే ఈ ప్రయోగం మన గడ్డ మీద జరగనిదేమీ కాదు. దాని లెక్కాపత్రం ఒకసారి తిరగేద్దాం.

రాయలసీమలోనూ, ఇంకా దక్షిణానా పాలెగాళ్ళు కావలి అనే రుసుము వసూలు చేసేవారు. ఊరికి దొంగల భయం లేకుండా చూడడం వారి పని. ఆ ఏర్పాటులో ఒక సుగుణం ఉండేది. పోయిన సొత్తు పట్టి తేవాలి. తేలేకపోతే కావలి పుచ్చుకున్నవాడే దాని విలువ ఇచ్చుకోవాలి. ఈ నిబంధన వింటే, ఒక్క ఫిర్యాదు వ్రాయించడానికి పోలీసు స్టేషను చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నవారికి ప్రాణం లేచి వస్తుంది. కాని కథ అక్కడితో ఆగలేదు. కావలి కట్టని ఊరిని దోచేదెవరయ్యా అంటే, చాలా చోట్ల ఆ కావలివారే! 1800లో థామస్ మన్రో కలెక్టరుగా వచ్చేసరికి ఆ సీమలో 80 మంది దాకా పాలెగాళ్ళు తమ తమ బలగాలతో కూర్చుని ఉన్నారు. అంటే రైతుకు పోటీ కంపెనీలకు కొదవ లేదు. కొదవల్లా కంటినిండా నిద్రకే.

ఇక చౌత్ సంగతి. 1719లో మొగలు పాదుషా, దక్కనులోని ఆరు సుబాల మీద చౌత్, సర్దేశ్‌ముఖీ వసూలు చేసుకునే హక్కును మరాఠాలకు వ్రాసిచ్చాడు. ఆదాయంలో నాలుగో వంతు మొదటిది, ఆపైన పదో వంతు రెండోది. రైతుకు దక్కే ప్రతిఫలమేమిటంటే, వారి గుర్రాలు తన చేలు తొక్కకుండా ఉండడం. మా పాపన్నపేట సంస్థానాన్ని ఆ శతాబ్దంలోనే ఏలిన రాణి శంకరమ్మ, మరాఠా దండ్లను ఎదిరించి నిజాము చేత రాయబాగిన్ అనే బిరుదు పొందిందని ఇక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. సంగారెడ్డి, సదాశివపేట, శంకరంపేట పేర్లు ఆ ఇంటి నుంచి వచ్చినవేనంటారు. ఆమె శౌర్యానికి నమస్కారం. కాని నాగలి పట్టినవాడి వైపు నుంచి చూడండి. కట్టేవాడు ఒక్కడు, కట్టించుకునేవారు ఇద్దరు ముగ్గురు.

వీరందరినీ మించిన కాపలా కంపెనీ ఇంకొకటున్నది. దాని పేరే ఈస్టిండియా కంపెనీ. వాటాదారులూ, లాభాల పంపకమూ ఉన్న అచ్చమైన ప్రైవేటు కంపెనీ. 1798లో నిజాము దాని పటాలాన్ని రక్షణకు కుదుర్చుకున్నాడు. కంపెనీ పెట్టిన షరతుల్లో ముఖ్యమైనదేమిటో తెలుసునా? హైదరాబాదులో ఉన్న ఫ్రెంచి పటాలాన్ని రద్దు చెయ్యాలని. పోటీదారు అలా పోయాడు. 1800లో పటాలం ఖర్చుల కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలూ, కర్నూలులో కొంతా పోయాయి. దత్తమండలాలని మనం పిలిచినవి అవే. 1853లో కంటింజెంటు అనే మరో సైన్యం బాకీల కింద బీరారు పోయింది. కాపలావాడి జీతానికి ఇంటి గదులు ఒక్కొక్కటే వ్రాసిచ్చిన చందమిది. నవాబుగారికే కంపెనీ మార్చుకునే స్వేచ్ఛ లేకపోయాక, మీకూ నాకూ ఉంటుందా?

ఇందులో కిటుకు ఒకటే. పప్పు బాగులేదని కొట్టు మారిస్తే కోమటి కర్ర పట్టుకుని మన వెంట పడడు. కాపలా అమ్మేవాడి సరుకే కర్ర. పైగా, నా కంపెనీకీ మీ కంపెనీకీ తగవు వస్తే తీర్చేదెవరు? కొట్టుకుంటే బలవంతుడు గెలుస్తాడు. ఇద్దరూ కలిసి ఒక న్యాయాధికారిని పెట్టుకుంటే, అదే ప్రభుత్వమవుతుంది. ఓటు మాత్రం మనకుండదు.

డబ్బు లేనివాడి మాటేమిటి? తెలంగాణా దొరలకు సొంత కాపలా పుష్కలంగా ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. దొర సొమ్ముతో బతికే కాపలా దొరకు కాపలా, కొమరయ్యకు కాలుడు. "ఆనాటి సర్కారు మాత్రం ఏం చేసింది సార్?" అని మా కుర్రవాళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏమీ చెయ్యలేదు, దొరల పక్షానే నిలిచింది. కాని ఆ సర్కారు పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1952లో కొమరయ్య వంటివారి ఇళ్ళకు కూడా ఓటు వచ్చింది. చెడ్డ ప్రభుత్వాన్ని దించడానికి ఒక దారి ఉన్నది. చెడ్డ కాపలావాణ్ణి దించాలంటే వాడికంటె పెద్ద కర్ర కావాలి.

శివరాత్రికి మా ఏడుపాయల జాతరకు లక్షలాది జనం వస్తారు. మంజీర ఒడ్డున తప్పిపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకున్న కానిస్టేబులు, "మీ నాయన చందా కట్టాడా?" అని అడగడు. ఆ అడగకపోవడం కోసమే మనం పన్ను కట్టేది.

అలాగని పన్ను పుచ్చుకున్నంత మాత్రాన సర్కారు ధర్మాత్మురాలు కాదు. మన ధర్మశాస్త్రాలు రాజుకు ఆరో వంతు ఇమ్మన్నాయి గాని, ఊరికే ఇమ్మనలేదు. దొంగిలించిన సొత్తు పట్టుకోలేకపోతే రాజు తన బొక్కసంలోంచి తీసి ఇవ్వాలన్నాయి. కౌటిల్యుడూ అదే అన్నాడు. కావలివాడి సుగుణాన్ని రాజుకు అంటగట్టిన తెలివి అది. రక్షించకుండా పుచ్చుకునే పన్నుకూ, చౌత్‌కూ తేడా పేరులోనే తప్ప ధర్మంలో లేదు.

కాబట్టి కుర్రవాళ్ళ కోపంలో సగం న్యాయమున్నది. ఆ సగాన్ని పట్టుకుని పంచాయతీలోనూ, స్టేషనులోనూ, ఓటు పెట్టె దగ్గరా గట్టిగా లెక్క అడగాలి. కంచె చేను మేస్తున్నప్పుడు కంచెను బాగుచేసుకోవాలి గాని, కంచె పీకేసి ఆంబోతును కాపలా పెట్టుకోరు గదా!