వెలివేత మూడేళ్లకే మొదలు

విశ్వవిద్యాలయంలో రిజర్వేషన్ల గురించి ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. వెలివేత మాత్రం అంతకు చాలా ముందే, అంగన్‌వాడీ గడపలోనే మొదలవుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ గూడేల్లో తెలుగు మాత్రమే వచ్చిన టీచరు ముందు గోండు, కొలాం బిడ్డ మౌనంగా కూర్చుంటే 'మొద్దు' అన్న ముద్ర పడుతుంది. అది బిడ్డ లోపం కాదు, ఆధిపత్య భాష ఇచ్చిన తీర్పు.

1943లోనే హైమండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982 నుంచి 'కోహంగా రెయో' పేరిట పసిపిల్లలను సొంత భాషలోనే పెంచుతున్నారు. మన విద్యాహక్కు మాత్రం ఆరేళ్లకు గానీ మొదలు కాదు. అంతకు ముందటి బాల్యాన్ని 86వ రాజ్యాంగ సవరణ ఆదేశిక సూత్రాలకే వదిలేసింది.

గూడెం భాష వచ్చిన టీచరు, ఆ భాషలో ఆటపాటలు ప్రభుత్వం చూపే దయ కాదు, తీర్చవలసిన బాకీ.