తుపాను కబురు అందరి గడపకూ చేరాలి

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ ఈనాటికీ మరచిపోలేదు. కడలి కట్టలు తెంచుకుని ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయింది. వేలాది ప్రాణాలు నీటి పాలయ్యాయి. చెట్టెక్కినవారు కొందరు, మెరకకు పరుగెత్తినవారు కొందరు ప్రాణాలు దక్కించుకున్నారు. మరి చెట్టెక్కలేనివారి సంగతేమిటి? పరుగెత్తలేనివారి మాటేమిటి? సముద్రం హోరు చెవిన పడనివారికి ముప్పు ముంచుకొస్తున్నదని చెప్పేదెవరు? ప్రశ్న పాతదే. కాని, మన కృష్ణా జిల్లా తీరాన ప్రతి ఆశ్వయుజ, కార్తీకాలలోనూ అది కొత్తగా తలెత్తుతూనే ఉంటుంది.

నాటికీ నేటికీ హెచ్చరికల తీరు ఎంతో మెరుగుపడిందన్న మాట నిజం. అందుకు దేశాల మధ్య సహకారం ఒక ముఖ్య కారణం. బంగాళాఖాతంలో పుట్టే తుపానులకు తీర దేశాలే వంతులవారీగా పేర్లు పెడుతున్నాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానుకు ‘మిచాంగ్’ అన్న పేరు మయన్మార్ ఇచ్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత, 2007లో మన హైదరాబాదులోనే సునామీ హెచ్చరిక కేంద్రం వెలిసింది. హిందూ మహాసముద్రం ఒడ్డునున్న ఇతర దేశాలకు సైతం అక్కడి నుంచి కబురు వెళుతున్నది. సముద్రానికి సరిహద్దులు లేవు గనుక ప్రభుత్వాలూ సరిహద్దులు దాటి చేతులు కలిపాయి. హర్షించదగిన విషయమే!

వికలాంగుల హక్కుల విషయంలోనూ ఈ ప్రాంత ప్రభుత్వాలు ఇలాగే చేతులు కలిపాయి. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆసియా పసిఫిక్ ఆర్థిక, సామాజిక సంఘం ఆధ్వర్యాన 1993 నుంచి 2002 వరకు వికలాంగుల దశాబ్దంగా పాటించారు. దానికి నాందిగా 1992 డిసెంబరులో బీజింగులో సమావేశం జరిగింది. అక్కడ ఇచ్చిన మాటను అమలు చేయడానికే మన పార్లమెంటు 1995లో వికలాంగుల చట్టం చేసింది. 2012లో కొరియాలోని ఇంచియాన్‌లో ప్రభుత్వాలు పది లక్ష్యాలు పెట్టుకున్నాయి. విపత్తుల వేళ వికలాంగులను కాపాడుకోవడం వాటిలో ఒకటి. 2022 అక్టోబరులో జకార్తాలో మళ్ళీ కూర్చుని 2032 దాకా గడువు పొడిగించుకున్నారు.

బీజింగులోనో, జకార్తాలోనో ఏదో అనుకుంటే మనకేమిటని నాగాయలంక రైతు అనుకోవచ్చు. 1995 చట్టం స్థానే 2016లో వచ్చిన కొత్త చట్టం చూస్తే తెలుస్తుంది. వికలాంగుల వివరాలతో జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ ఒక పట్టిక ఉంచాలనీ, ముప్పు రానున్నప్పుడు వారికి తెలియజెప్పే ఏర్పాట్లు చేయాలనీ అందులోని 8వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. ఇది దయాదాక్షిణ్యం కాదు, చట్టం విధించిన బాధ్యత.

ఆచరణలో జరిగేదేమిటి? తుపాను వస్తున్నదంటే ఊళ్ళో మైకు మోగుతుంది. వినికిడి లేనివారికి అది మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే. సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. చూపులేనివారికి దాన్ని చదివి చెప్పేవారు కావాలి. ఇళ్ళు ఖాళీ చేయమంటారు. మంచం దిగలేని మనిషిని మోసుకుపోయేదెవరో ముందుగా అనుకుని ఉండరు. ఎలాగో పునరావాస కేంద్రానికి చేర్చినా, అక్కడి మెట్లు ఎక్కడమెలా? మరుగుదొడ్డికి వెళ్ళడమెలా? ఈ అవస్థ తలచుకునే, ‘మీరు పొండి, నేనిక్కడే ఉంటాను’ అనే తల్లులు, తాతలు ఉంటారు. వారిని వదలి వెళ్ళలేక కుటుంబమంతా ఆగిపోతుంది. ఒక్కరి కోసం చేయని ఏర్పాటు నలుగురి ప్రాణం మీదికి తెస్తుంది.

ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదని అధికారులు అనడానికి వీలు లేదు. 2024లో వికలాంగుల పింఛను 6 వేల రూపాయలకు పెంచిన ప్రభుత్వం వద్ద లబ్ధిదారుల పేర్లు, ఇళ్ళ వివరాలు అన్నీ ఉన్నాయి. పింఛను ఇవ్వడానికి తెలిసిన గడప తుపాను రోజున తెలియకుండా పోతుందా? అయితే పింఛను జాబితాతోనే సరిపెట్టుకోరాదు. సర్టిఫికెట్టు రానివారు, పర్సంటేజీ చాలనివారు కూడా ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వరద నీరు సర్టిఫికెట్టు చూసి రాదు.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తుపానుల కాలానికి ముందే గ్రామసభ పెట్టి పట్టిక సరిచూడాలి. అలాంటి ప్రతి ఇంటికీ వీధిలోని ఇద్దరు యువకులను పేరు పేరునా బాధ్యులను చేయాలి. ఏ ఆటోలో, ఏ పడవలో ఎవరిని తరలించేదీ ముందే నిర్ణయించాలి. మైకుతో పాటు ఇంటింటికీ మనిషి వెళ్ళి సైగతో చెప్పాలి. పునరావాస కేంద్రాలకు వాలుబాట, చేతిపట్టు, అనువైన మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలి. మనిషితో పాటు చంకకర్రలు, మూడు చక్రాల బండి, మందులు కూడా తరలేలా చూడాలి. అన్నిటికీ మించి, ఈ ఏర్పాట్లు చూసే కమిటీలో వికలాంగులకు చోటివ్వాలి. వారి కష్టం వారికి తెలిసినంతగా కలెక్టరుకూ తెలియదు, సర్పంచికీ తెలియదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. దేశాలు ఒప్పుకున్నాయి, పార్లమెంటు చట్టం చేసింది. మిగిలినది జిల్లా యంత్రాంగమూ, పంచాయతీలూ చేయవలసిన పని. హైదరాబాదు నుంచి సముద్రాలు దాటి విదేశాలకు చేరుతున్న హెచ్చరిక, మన కోడూరులో మంచాన పడి ఉన్న మనిషికి చేరకపోతే ఆ ఘనత ఎవరి కోసం? తదుపరి వాయుగుండం పుట్టేలోగా జిల్లాలోని ప్రతి తీర గ్రామంలోనూ ఆ పట్టిక సిద్ధం కావాలి. అది పంచాయతీ కార్యాలయం గోడ మీద గాక, బాధ్యత తీసుకున్న యువకుల చేతుల్లో ఉండాలి.