ముందురోజు రాత్రి ఎవరు మాట్లాడారు?

క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మత్తు దిగుతూ రోగి పెనుగులాడితే చాలాచోట్ల జరిగేవి రెండే. చేతులు మంచానికి కట్టేస్తారు, లేదంటే ఇంకో ఇంజెక్షన్ పొడుస్తారు. దీనికి పరిష్కారమంటూ కొందరు కౌన్సెలర్ పోస్టులు అడుగుతున్నారు. ఇస్తే మంచిదే. కానీ ఆ భయం రికవరీ గదిలో పుట్టింది కాదు. ముందురోజు రాత్రి, లేచాక ఏముంటుందో మత్తు డాక్టరు చెప్పని మంచం దగ్గర పుట్టింది.

ఇది నా ఊహ కాదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్ బృందం పొట్ట ఆపరేషన్లకు వచ్చిన 97 మందిని రెండు జట్లు చేసింది. మత్తు డాక్టరు ముందురాత్రి రెండు జట్ల దగ్గరికీ వెళ్లాడు. కానీ ఒక జట్టుకు మాత్రమే లేచాక నొప్పి ఎక్కడ ఉంటుందో, ఎన్నాళ్లుంటుందో, ఒళ్లు ఎలా వదులు చేసుకోవాలో చెప్పాడు. ఆపరేషన్ తరవాత మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లి పలకరించాడు. ఆ జట్టుకు నొప్పి మందు సగం సరిపోయింది. సగటున 2.7 రోజులు ముందే ఇళ్లకు వెళ్లారు. పంపిన సర్జన్లకు ఎవరు ఏ జట్టో తెలియదు. ఇదంతా అచ్చయింది 1964లో!

ఆ 97 మందీ క్యాన్సర్ రోగులు కారు, నిజమే. క్యాన్సర్ రోగికి ఆ మాట ఇంకా ఎక్కువ అవసరం. దవడ తీసి గొంతులో గొట్టం పెట్టిన మనిషి లేచి అరవబోతే గొంతు రాదు. పేగు కోసిన ఆవిడ చేతికి పొట్ట మీద సంచి తగులుతుంది. మూత్రపు గొట్టం ఉన్నాయన అర్జెంటని మంచం దిగబోతాడు. ఇవన్నీ డాక్టర్లకు ముందే తెలుసు, తెలియనిది రోగికే. "చిన్న గడ్డేనమ్మా" అని కొడుకు నమ్మబలికి థియేటర్‌లోకి పంపిన తల్లికి మెలకువ రాగానే చెయ్యి మొదట ఎక్కడికి పోతుంది?

భయం తగ్గించే మాత్ర వేస్తే పోలేదా అంటారా? 2015లో ఫ్రాన్స్‌లో 1,062 మంది మీద అదీ చూశారు. ముందుగా లోరాజెపామ్ వేసినా రోగుల తృప్తి పెరగలేదు. శ్వాస గొట్టం తీయడం మాత్రం ఆలస్యమైంది.

మత్తు డాక్టర్లు చాలరన్నది ఒప్పుకుంటాను. అయినా ఆ 2.7 రోజుల లెక్క వేయండి. ఈ కాలానికి అంత కలిసిరాదు, ఒక్క రోజే అనుకుందాం. వరండాలో చాప మీద వంతు కోసం పడుకున్నవాళ్లకు ఒక మంచం ఒక రోజు ముందు దొరకడమంటే ఏమిటో సూపరింటెండెంట్లకు నేను చెప్పాలా?

ఇక ఆఖరి సాకు, "ఇంట్లోవాళ్లే చెప్పొద్దన్నారు". మతి స్థిమితంగా ఉన్న మేజరుకు, ప్రాణం మీదికి రానప్పుడు, కన్నతల్లి సంతకం కూడా చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. ఆమెకు మత్తులో ఉండగానే గర్భసంచి తీసేశారు, సంతకం తల్లి పెట్టింది. మరి మన కేస్‌షీట్లలో అల్లుళ్ల సంతకాలు ఏ చట్టం కింద చెల్లుతున్నాయి?

బీపీ రాస్తారు, షుగర్ రాస్తారు, ఎప్పటినుంచి తినలేదో రాస్తారు. ఇంకొక్క గడి గీయండి. లేచాక ఒంటి మీద ఏముంటుందో, ఏముండదో రోగికే చెప్పిన మత్తు డాక్టరు పేరు, చెప్పిన టైము. ఎమర్జెన్సీ అయితే సరే. కాకపోతే, ఆ గడి ఖాళీగా ఉన్న రోగి స్ట్రెచర్‌ను థియేటర్ గుమ్మం దగ్గరే ఆపేయాలి.