వినతిపత్రం: దక్షిణాదికి సుప్రీంకోర్టు ధర్మాసనం

గౌరవనీయ భారత ప్రధాన న్యాయమూర్తి గారి సముఖమునకు,
తెలుగు రాష్ట్రాల కక్షిదారులు, న్యాయవాదులు చేసుకునే విన్నపం.



1949 దాకా కోస్తా, సీమ జిల్లాల భూతగాదాలు ఓడెక్కి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లేవి. 1950 జనవరి 28న మనకంటూ సుప్రీంకోర్టు వచ్చింది. అదీ అప్పటి పార్లమెంటు భవనంలోనే, పూర్వం సంస్థానాధీశులు సమావేశమైన మందిరంలో. చట్టాలు చేసేవారి చూరు కింద నుంచి సొంత భవనానికి మారింది 1958లో. అయితే ఇల్లు మారింది గానీ ఊరు మారలేదు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. వీడియోలో వాదించుకోవచ్చు కదా అంటారు. ఆ వెసులుబాటు మేలే చేసింది. కానీ కక్షిదారు తానే వాదించుకుంటే తప్ప, కేసు దాఖలుకు అడ్వకేట్ ఆన్ రికార్డ్ కావాలి. ఆయన ఆఫీసు కోర్టుకు 16 కిలోమీటర్ల లోపల ఉండాలని నియమావళి. జిల్లా కోర్టు నుంచి కేసు మోసుకొచ్చిన వకీలుండగానే, ముఖం తెలియని మరొకరికి వకాల్తా, రెండో ఫీజు ఇచ్చుకోవాలి. హైకోర్టులో గెలిచిన చిన్న రైతు, ఎదుటివాడు ఢిల్లీకి వెళ్లాడనగానే రాజీకి దిగడం మాకు కొత్త కాదు.

రాజ్యాంగ ధర్మాసనం ఢిల్లీలో, అప్పీళ్ల ధర్మాసనాలు నాలుగు ప్రాంతాల్లో ఉండాలని 2009లో లా కమిషన్ 229వ నివేదిక సిఫార్సు చేసింది. దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ అంది. 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కూర్చునే ఫుల్ కోర్టు దాన్ని కాదంది. కోర్టు ఏకత్వం చెడుతుందన్న భయాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ఢిల్లీలోనూ ఇద్దరు ముగ్గురు న్యాయమూర్తులుగా విడివిడిగానే కూర్చుంటున్నారు. 2004 నుంచి మదురైలో ధర్మాసనం నడుస్తున్నా మద్రాసు హైకోర్టు ఒక్కటిగానే ఉంది.

మా కోరిక: రాజ్యాంగ ప్రశ్నలు ఢిల్లీలోనే ఉంచి, దక్షిణాది హైకోర్టుల సివిల్, క్రిమినల్ అప్పీళ్లు వినే ధర్మాసనం ఇక్కడ పెట్టండి. హైదరాబాద్ అయితే సంతోషం, చెన్నై అయినా అభ్యంతరం లేదు. ముందు ఏటా కొన్ని వారాలు కూర్చున్నా చాలు. ఇక్కడి వకీళ్లకు ఇక్కడే దాఖలు చేసే హక్కు మాత్రం తప్పనిసరి.

పార్లమెంటుకు కాక తమకే విన్నవించడానికి కారణం రాజ్యాంగంలోని 130వ అధికరణ. సుప్రీంకోర్టు ఢిల్లీ బయట కూర్చోవడానికి రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయిస్తే చాలు, సభలో ఓటు అక్కర్లేదు. ఈ విషయాన్ని ఫుల్ కోర్టు ముందు మళ్లీ పెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల కక్షిదారులు, న్యాయవాదులు