కప్పుకు పడిన కంత

కపెర్నహూములో యేసుప్రభువు ఉన్న ఇంటికి నలుగురు ఒక పక్షవాత రోగిని మోసుకొచ్చారు. జనం కిక్కిరిసి ఉండడంతో పైకెక్కి, కప్పు విప్పి, అతణ్ని పరుపుతో సహా కిందికి దించారు (మార్కు 2:1–12). వారి విశ్వాసం గురించి పాతికేళ్లుగా ప్రసంగిస్తున్నాను. రోగికి పాపక్షమాపణ దొరికింది, లేచి నడిచి వెళ్లాడు. మరి కప్పుకు పడిన కంతను ఎవరు పూడ్చారు? 2021 వరకు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మార్కు వాడిన గ్రీకు మాటకు ‘తవ్వి’ అని అర్థం. (లూకా పెంకులంటాడు. ఆ చర్చ సెమినరీకి వదిలేద్దాం.) తవ్వాల్సిన కప్పు ఎలా ఉంటుందో మా తనకల్లు వైపు వారికి వేరే చెప్పనక్కర్లేదు. దూలాలు, వాటిపై దంతెలు, కట్టెలు, మట్టి, అన్నింటికీ పైన చౌడు. పైరు మొలవని ఆ చౌడే తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు వేసుకోవాలి. వానే అరుదైన కరువుసీమలో ఈ పని వాయిదా వేయడం సులువు.

మా నాన్న కట్టిన మట్టిమిద్దెలో సగం నాది, సగం తమ్ముడిది. డిష్ యాంటెనా కోసం నా వైపు మిద్దె తవ్వించి ఇనుప గొట్టం పాతించాను. దాని పక్కనుంచి నీరు దిగి తమ్ముడి గోడ నానింది. తప్పు నాదేనని క్షమాపణ అడిగాను. ‘‘సరేలేన్నా’’ అన్నాడు. కలిసి ప్రార్థన చేసుకున్నాం. అంతటితో అయిపోయిందనుకున్నాను. చౌడు వేయిస్తానన్న మాట రెండేళ్లు వెనక్కిపోయింది. కూటాలు, సభలు... పాస్టరుకు కారణాలకేం తక్కువ?

2021 నవంబరులో వాన విడవలేదు. కదిరిలో ఇల్లు కూలి ప్రాణాలు పోయాయి. మా ఇంట ప్రాణాలు దక్కాయి గానీ ఒక రాత్రి తమ్ముడి గోడ ఒరిగింది. విత్తనానికి దాచుకున్న వేరుశనగ కాయలు తడిసిపోయాయి. మళ్లీ క్షమాపణ అడగబోయాను. ‘‘అది అప్పుడే ఇస్తి కదన్నా. కంతే అట్లే ఉండాది’’ అన్నాడు.

మన సంఘాల్లో క్షమాపణ చౌకైపోయిందని నా అభిప్రాయం. కన్నీళ్లతో అడుగుతాం, చేతులు కలుపుతాం, నష్టం మాత్రం అవతలివారి ఇంట్లోనే ఉండిపోతుంది. జక్కయ్య అలా చేయలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని ప్రభువు ఎదుటే లెక్క చెప్పాడు (లూకా 19:8). ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ తర్వాతే. డబ్బుతో రక్షణ కొన్నాడని కాదు, మారిన మనసు చేతుల్లోకి దిగిందని.

కాయల ఖరీదు ఇచ్చాను. నాలుగింతలు కాదు, ఉన్నంతలో. వాన తెరిపివ్వగానే గోడ నిలబెట్టించి, గొట్టం పీకించి, ట్రాక్టరులో చౌడు తెప్పించాను. కూలీలను పిలవబోతే తమ్ముడు వద్దని, గంప నా నెత్తికెత్తాడు. రాళ్లు ఏరి, నీళ్లు బయటికి వాలేలా పరిచాం. సాయంత్రానికి నా నడుము పట్టేసింది. తమ్ముడు కంత ఉన్నచోట కాలితో తొక్కి చూశాడు.

‘‘ఇంకో గంప పడాలన్నా’’ అన్నాడు.