కండలేరు డ్యామ్: 11 కిలోమీటర్ల మట్టికట్ట.. భయం వరదతో కాదు, లోపల ఊటతోనే!

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందంటే చాలు, సముద్రంలోకి వెళ్లొద్దని జాలర్లకు ముందే కబురు అందుతుంది. మరి అదే ఉమ్మడి నెల్లూరు జిల్లాలో కండలేరు డ్యామ్‌కు ఏదైనా అయితే? దిగువ ఊళ్లకు ఎవరు చెప్తారు, ఎంతసేపట్లో చెప్తారు?

రాపూరు దగ్గరున్న ఈ డ్యామ్ కెపాసిటీ 68 టీఎంసీలు. తెలుగుగంగలో భాగంగా కట్టారు. చెన్నైకి తాగునీరు వెళ్లేది ఇక్కడి నుంచే. దాదాపు 11 కిలోమీటర్ల పొడవున్న కట్ట మట్టిదే.

మట్టికట్టకు అసలు గండం నీరు పైనుంచి పొర్లడం. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది అదే. ఎగువన పింఛా కట్ట తెగింది, చెయ్యేరు పోటెత్తింది, తెల్లవారేసరికి కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర మంత్రి షెకావత్ రాజ్యసభలో చెప్పారు. కెపాసిటీకి మించిన వరద వచ్చిందన్నది అప్పటి రాష్ట్ర ప్రభుత్వ వాదన. రెండూ నిజమే కావొచ్చు. కానీ వరద మన చేతిలో ఉండదు, గేటు రిపేరు ఉంటుంది.

కండలేరు పరిస్థితి కాస్త వేరు. దీనికి ప్రధానంగా నీరొచ్చేది సోమశిల నుంచి, కాలువ ద్వారా. అంటే ఎంత వదలాలో మనిషే డిసైడ్ చేయొచ్చు. కాబట్టి ఇక్కడ ఎక్కువగా చూడాల్సింది కట్ట లోపలి ఊటనే.

ఏ మట్టికట్టకైనా కొంత ఊట మామూలే. తేటగా వస్తే కంగారు అక్కర్లేదు. బురదగా వచ్చిందంటే మాత్రం లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. చెట్ల వేర్లు, పందికొక్కుల బొరియలు, వాన కోతలు.. చూడ్డానికి చిన్నవే, మొదలయ్యేది అక్కడే. ఇవి కనిపెట్టాలంటే కట్ట వెంట రోజూ నడిచే మనిషి కావాలి. 2021లోనే తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ కనిపించగానే ఊళ్లు ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది.

2021 డిసెంబర్ 30 నుంచి అమల్లో ఉన్న డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం వానలకు ముందు, తర్వాత తనిఖీలు తప్పనిసరి. పాత డ్యామ్‌లకు పూర్తిస్థాయి భద్రతా పరీక్ష, ఎమర్జెన్సీ ప్లాన్ ఐదేళ్లలోపు పూర్తి కావాలి. ఆ లెక్కన గడువు 2026 డిసెంబర్ చివరికి. నెల్లూరుకు అసలు వానలు పడేది మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా.