వంటయింట పుట్టిన సైకిలుసేవ

వంటయింటినుండి వెలువడు మేలు భోజనమొక్కటియే కాదు. ఒక వంటగదిలో మొదలైన సేవ మహానగరపు వీధులకెక్కిన వృత్తాంతమును ఈ నెల మీకు విన్నవించెదను.

అమెరికాలో పడమటి తీరమున లాస్ ఏంజిలిస్ నగరము కలదు. ఒకప్పుడచట విద్యుచ్ఛక్తితో నడచు ట్రాము బండ్లు విరివిగా తిరుగుచుండెడివి. 1963 నాటికి అవి పూర్తిగా నిలిచిపోయినవి. 1990లో క్రొత్త రైళ్లు వచ్చినను, కారు లేనిదే గడప దాట వీలులేదన్నంతగా ఆ యూరు కార్ల వశమైయున్నది. 2023వ సంవత్సరమందు వాహనప్రమాదములలో అచట 300 మందికి పైగా మరణించిరి.

అట్టియూర సైకిలెక్కువారెవరు? సరదాకై తొక్కువారు కొందఱు. కారు కొనలేక, హోటళ్లలో పనిచేసి రాత్రి ప్రొద్దుపోయి యిల్లు చేరు వలసకూలీలు మఱికొందఱు. వీరికి సైకిలు చెడిననాడు కూలియు చెడును.

2002లో కొందఱు మిత్రులు తమ నివాసములోని యొక వంటగదిలో సైకిళ్లు బాగుచేయ నారంభించిరి. దానికి ‘సైకిలు వంటయిల్లు’ అనియే పేరు. జీతము లేక పనిచేయు సేవకులకు ‘వంటవారు’ అని పేరు. వీరు సైకిలును తామే బాగుచేసి యియ్యరు. పనిముట్లు చేతికిచ్చి, ప్రక్క నిలిచి, వచ్చినవారిచేతనే చేయింతురు. ట్యూబునకు అతుకు వేయుట, చైను బిగించుట, బ్రేకు సరిచేయుట ఒకసారి స్వయముగా చేసినవారు మఱువరు. వండిపెట్టిన కూడు ఒక పూటకు. వండ నేర్చిన చేయి జన్మకు గదా!

2009లో వేఱొక సేవకబృందము రాత్రివేళ పోవు కూలీల సైకిళ్లకు ఉచితముగా దీపములను పంచెను. 2010 అక్టోబరు 10వ తేదీన నగరమధ్యమున సుమారు 12 కిలోమీటర్ల వీధులను కొన్ని గంటలు కార్లకు మూసి, సైకిళ్లకును పాదచారులకును విడిచిరి. 2015లో నగరసభ సైకిలుదారులతో కూడిన మార్గప్రణాళికను అంగీకరించెను గాని, అది చాలభాగము కాగితముమీదనే నిలిచెను. అంతట ఉత్సాహవంతులు సంతకములు కూర్చి విషయమును ఓటునకు తెచ్చిరి. వీధిని 200 మీటర్లకు మించి మరమ్మతు చేయునపుడెల్ల ప్రణాళికలోని దారులను కూడ వేయవలెనను నిబంధనను 2024 మార్చిలో ఓటర్లు నూటికి 60 మందికి మించి ఆమోదించిరి. దీపము పంచినవారికిని సంతకము కూర్చినవారికిని పని వేఱైనను, పట్టుదల యొక్కటియే.

మన పట్టణములలో ఆడపిల్ల హైస్కూలునకు రాగానే సైకిలు మూలబడుట అరుదు కాదు. ‘రోడ్డు మంచిది కాద’ని మనమే మాన్పింతుము. రోడ్డు మంచిది కానిచో మార్చవలసినది రోడ్డునా, పిల్ల చదువునా? ఒక వీధిలోని నలుగురు తల్లులు కలిసిన, సైకిలుషాపువానిని పిలిచి ఒక ఆదివారము పిల్లలకు పంక్చరు వేయుట నేర్పింపవచ్చును. ఆ నలుగురే సంతకములు చేసి, బడియెదుట దారి కావలెనని పురపాలకసంఘమునకు అర్జీ పెట్టవచ్చును. మొదటి అర్జీకి బదులు రాకున్నను రెండవది వ్రాయుడు.